పట్టు గిన్నెలో సోడా

వీధిలో అందరూ ఆమెను రంగులక్క అనే పిలుస్తారు. బట్టలకు రంగు వేయడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. వయసులో ఉండగా మూడు పట్టు రవికెలు తగలేసుకుని తనంతట తానే నేర్చుకుంది. ఇప్పుడు పలచటి బట్టకు రంగు వేయించాలంటే జనం నేరుగా ఆమె వెనక వరండాకే వస్తారు.

ఆమె పద్ధతి ఆమెది. వేలు ముంచితే ఓర్చుకోగలిగినంత వేడి, అందులో కాస్త వెనిగర్, వడగట్టిన రంగు. బట్టను ముందే తడిపి, మడత పడకుండా వదులుతుంది. మరగనివ్వదు, పిండదు. తువ్వాలులో చుట్టి అద్ది, నీడలో ఆరేస్తుంది. ఆరాక చెవి దగ్గర పెట్టుకుని నలుపుతుంది. మంచి పట్టు సన్నగా గరగరమనాలి. అనలేదంటే ఆ పూట ఆమె జోలికి ఎవరూ వెళ్ళరు.

పని పోయి నెల కిందట వచ్చి కూర్చున్న మరిదికి ఇదంతా చాదస్తం. అతని మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు.

ఆ రోజు గిన్నెలో పక్కవీధి నర్సమ్మ ఇచ్చిన పట్టు శాలువా ఉంది. చనిపోయిన వాళ్ళమ్మది. వెలిసిపోయిన నేరేడు రంగు మళ్ళీ రావాలని ఇచ్చింది. గేటు దగ్గర పాలవాడు కేకేస్తే రంగులక్క వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గిన్నె కుతకుతలాడుతోంది.

"ఏం చేశావ్?"

"రంగు పట్టట్లేదని మంట పెంచా వదినా. బట్టల సోడా కూడా రెండు చెంచాలు వేశా. ఫోన్‌లో ఒకాయన అలాగే వేశాడు."

"ఆయన వేసింది నూలు బట్టకి! నూలుకి సోడా, పట్టుకి పులుపు. పట్టంటే వెంట్రుకతో సమానం. నీ జుట్టు సోడాలో ఉడకబెట్టుకో, తెలిసొస్తుంది."

"ఉన్నవే నాలుగు వెంట్రుకలు, వాటి మీద కూడా పడ్డావా?" అని నవ్వాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా చేతులు తొందరపడలేదు. మంట ఆపి, శాలువాను కర్రతో ఎత్తి గోరువెచ్చటి నీళ్ళలోకి, ఆ తర్వాత వెనిగర్ నీళ్ళలోకి మార్చింది. సాయంత్రానికి ఆరింది. రంగు ఉంది, మెరుపు లేదు. చేతికి గోనెలా తగిలింది. చెవి దగ్గర నలిపితే చప్పుడే లేదు.

నర్సమ్మ రాగానే మరిది ముందుకు దూకాడు. "పాత పట్టు కదండీ, బలం లేదు..."

"నోర్ముయ్!" అంది రంగులక్క. "పట్టు మంచిదేనమ్మా. నా గిన్నెలో పాడైంది. సోడా పడింది, మరిగింది. మళ్ళీ మునుపటిలా చేయడం నా వల్ల కాదు."

నర్సమ్మ శాలువాను రెండు చేతులతో తడిమింది. "మీ దగ్గరైతే ఏమీ కాదనుకున్నానక్కా," అంది. దాన్ని గుండెకు హత్తుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

"నిజం చెప్పి ఏం బావుకున్నావు వదినా? రేపు నలుగురికీ చెబుతుంది."

"చెప్పనీ. గిన్నె వదిలి పాలకెళ్ళిన తప్పు నాది. అది నేను ఒప్పుకున్నా. సోడా తప్పు నీది. పొద్దున్నే ఆవిడ ఇంటికెళ్ళి నీ నోటితో చెప్పు. చెప్పేదాకా ఈ ఇంట్లో నీకు కంచం లేదు."

మరిది గడప వైపు చూశాడు.