నీళ్లకింద వినిపించిన పిలుపు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. చదివింది సైన్సు, చేసేది సర్వే పని. మీరు ఏమనుకున్నా సరే, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది హోసూరు. నా ఉద్యోగం మాత్రం రామనాథపురం వైపు. అక్కడ ఏరు సముద్రంలో కలిసే చోట నీళ్లకింద ఒక రకం గడ్డి పెరుగుతుంది. పడవలోంచి తాడుతో కెమెరా దించి, గడ్డి ఎక్కడ ఉంది, ఎక్కడ పోయింది అని ఏటేటా మ్యాపులో గుర్తిస్తాం.

మా మేనత్త అంచెట్టి దగ్గర కొండపల్లెలో ఉండేది. బతుకంతా ఆవులతోనే. సముద్రం ఎప్పుడూ చూడలేదు. సాయంత్రం కొండ అంచున నిలబడి "బారే... ఓ బారే..." అని ఆవులను పిలిచేది. చివర గొంతు కాస్త విరిగేది. ఆ విరుపు వింటేనే అవి కదిలేవి. మామ పిలిస్తే తల కూడా ఎత్తేవి కావు.

ఒకసారి నా ఫోన్లో ఆ గడ్డి చూసి అడిగింది.

"నీళ్లలో ఇంత పచ్చిక ఉండాదే, మేసేదానికి ఏముండాయి పాపా ఆడ?"

"సముద్రపు ఆవు అని ఒకటి ఉండాది అత్తా. మేము పనిచేసే తావున ఇప్పుడు కనపడదు."

"నన్ను ఒకసారి పిలుచుకొని పో. చూస్తాను."

రెండుసార్లు బయలుదేరాలనుకున్నాం. ఒకసారి ఆవు ఈనింది, ఇంకోసారి దూడకు జబ్బు. "మళ్లీ వస్తాలేమ్మా" అంది.

తర్వాత ఆమెకు పక్షవాతం వచ్చింది. కృష్ణగిరి ఆస్పత్రిలో చేర్చారు. మాట పడిపోయింది. నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది, రాలేదు. కాస్త తేరుకున్నట్టు కనిపించాక నేను పనికి వెళ్లాను.

ఒక ఉదయం నేనూ, పడవ నడిపే అంతోణీ ఎప్పటిలాగే కెమెరా దించాం. ఇంజను ఆపేశాం. గాలి లేదు. ఇద్దరం మాట్లాడుకోలేదు కూడా.

ఒడ్డుకు వచ్చి ల్యాప్‌టాప్‌లో వీడియో చూశాం. మామూలుగా అందులో తాడు రాసుకునే చప్పుడు, నీటి బుడబుడలు తప్ప ఏమీ ఉండవు. ఆ రోజు ఒక గొంతు ఉంది.

"బారే... ఓ బారే..."

చివర గొంతు విరిగింది.

వెంటనే గడ్డి ఒక పక్కకు ఒరిగింది. పెద్ద బూడిదరంగు వీపు ఒకటి, తొందర లేకుండా, కెమెరా ముందునుంచి సాగిపోయింది. సముద్రపు ఆవు. చిన్నప్పుడు ఎప్పుడో చూశానని, మళ్లీ ఇదేనని అంతోణి అన్నాడు. ఆ గొంతు ఎవరిదని తమిళంలో అడిగాడు. నేను వీడియోను మళ్లీ మొదటినుంచి పెట్టాను.

మధ్యాహ్నం మామ ఫోన్ చేశాడు. అత్త ఆ ఉదయమే పోయింది.

కర్మ అయ్యాక మామకు అది వినిపించాను. తల వంచుకుని విన్నాడు.

"ఆమె గొంతే. యాడ తీసినావమ్మా ఇది?"

"సముద్రంలో, మామా. నీళ్లకింద."

"ఆస్పత్రిలో గుక్కెడు నీళ్లు కావల్లని కూడా అడగలేకపోయింది కదమ్మా" అని, లేచి ఆవుల దగ్గరికి వెళ్లిపోయాడు.

అత్త గొంతును నేను ఎన్నడూ రికార్డు చేయలేదు. కెమెరాలో వేసిన మెమరీ కార్డు కొత్తది. తెలిసిన ఇంజనీరుకు పంపితే, నీళ్లకింద మనిషి గొంతును ఏ మైకూ అంత స్పష్టంగా పట్టదు అన్నాడు.

మరుసటి ఏడు వెళ్లేసరికి అక్కడి గడ్డి అంతా ఇసుక కింద పూడిపోయింది. మ్యాపులో ఆ తావుకు పచ్చరంగు తీసేశాను.

ఆ పిలుపు అక్కడికి ఎలా చేరిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కసారైనా అత్తను ఆ పడవ ఎక్కించి ఉంటే, తెలియకపోవడం ఇంత బాధగా ఉండేది కాదేమో.