దిగని జ్వరం
కుందుర్పి దగ్గర ఒక పల్లెలో సుబ్బరత్నమ్మ పదమూడేళ్లుగా ఆశా కార్యకర్త. యాభై దాటాక మోకాళ్లు మాట వినడం మానేశాయి. అయినా బాలింతల ఇళ్లకు తిరగక తప్పదు.

వాళ్లలో ఆశ్రితకు కాన్పయి ఎనిమిదో రోజు. నాలుగో రోజు నుంచీ జ్వరం, కుడివైపు పొత్తికడుపులో నొప్పి. కళ్యాణదుర్గంలో చూపిస్తే మూడు రోజులు సూదులు వేశారు. అయినా సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలిపోతూనే ఉంది.

"పత్యం తప్పింటాది. లేకుంటే పాలు గడ్డకట్టింటాయి," అంది ఆశ్రిత అత్త అంజనమ్మ. "పచ్చి బాలింతను ఇంకా ఎన్నితూర్లు తిప్పల్ల?"

సుబ్బరత్నమ్మకూ ఇంటికి పోయి నడుం వాల్చాలనే ఉంది. కానీ రొమ్ములు తడిమి చూస్తే మెత్తగానే ఉన్నాయి. కాన్పప్పుడు వేసిన కుట్లు పొడిగా ఉన్నాయి.

"పాలది కాదు, కుట్లది కాదు. సూదులేసినా దిగలేదంటే ఇంకేందో ఉండాదక్కా. నేనూ వస్తాలే, పదండి."

అనంతపురం ఆసుపత్రిలో మొదట అపెండిక్స్ అనుకున్నారు. ఆపరేషన్ మాట కూడా వచ్చింది. గోడకు ఆనుకుని కూలబడిన సుబ్బరత్నమ్మ ఎలాగో లేచి, తాను పూటపూటా జ్వరం రాసి పెట్టిన కాగితం డాక్టర్ అరుణజ్యోతి చేతికిచ్చింది.

"కాన్పయినాకనే మొదలయ్యింది మేడం. పొద్దున తగ్గుతాది, మాపిటికి మళ్లా వస్తాది."

డాక్టర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఆశ్రితను స్కానింగ్‌కు పంపింది. అండాశయం నుంచి పైకి పోయే సిరలో రక్తం గడ్డకట్టిందని, సిర వాచిపోయిందని అందులో తేలింది.

"అరుదుగా వస్తుందమ్మా. చూడ్డానికి అపెండిక్స్ లాగే ఉంటుంది. ఈ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. కోత అవసరం లేదు, రక్తం పలచబడే సూదులు వేస్తాం."

మూడో రోజుకు జ్వరం దిగింది. ఆశ్రిత లేచి కూర్చుని బిడ్డకు పాలిచ్చింది. అంజనమ్మ టిఫిన్ డబ్బా మూత తీసి సుబ్బరత్నమ్మ ముందుకు జరిపింది.

అప్పుడు సుబ్బరత్నమ్మకు తమ ఊరి బాలింత లక్ష్మీదేవమ్మ గుర్తొచ్చింది. ఏడేళ్ల కిందట ఇలాంటి జ్వరంతోనే పోయింది. బాలింత జ్వరమన్నారు, అంతే.

రౌండ్లకు వచ్చిన డాక్టర్‌ను అడిగింది. "ఆ యమ్మకూ ఇదే అయ్యింటాదా మేడం?"

"అయ్యుండొచ్చు. ఇప్పుడెలా చెప్పగలం?"

సుబ్బరత్నమ్మ తలూపింది. డబ్బాలో అన్నం రెండు ముద్దలు తిని, బస్టాండుకు బయల్దేరింది. రేపు ఇంకో ఇద్దరు బాలింతలను చూడాలి.