వేళ్ళు ఎక్కిన కొండ

మొన్న మా ఫ్యాక్టరీ వర్క్‌షాపులో పంపు మూతల కింద వేసే కార్కు షీట్లు కోస్తున్నారు. రంపం వేడెక్కగానే ఒక వాసన లేచింది. కొంచెం మాడిన రొట్టె, కొంచెం ఎండిన చెట్టు బెరడు. మెట్లెక్కి మా డ్రాయింగు హాలు దాకా వచ్చింది. పక్క బల్ల వాళ్ళు కిటికీ మూసేశారు. నేను పెన్సిలు కింద పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. నాకు అది మలక్‌పేటలోని ఒక వరండా వాసన. ఆ వరండా శామ్యూల్ సుబేదారు గారిది.

డెబ్బైల మొదట్లో, సివిల్ డిప్లొమా చేతికొచ్చి ఒక ప్రభుత్వ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన కొత్తలో, ఆయన ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాను. సుబేదారు గారు సైన్యంలో చేసిన పని విచిత్రమైనది. యుద్ధం చేయడం కాదు, యుద్ధం జరగబోయే నేలను ముందుగా చేసిపెట్టడం. ఒక పెద్ద గది మధ్యలో ఇసుక పోసి, కొండలు, వాగులు, దారులు తీర్చేవారట. అధికారులు దాని చుట్టూ నిలబడి, కర్రతో చూపించుకుంటూ, ఎటు నుంచి ఎటు పోవాలో తేల్చుకునేవారట. రిటైరయ్యాక ఆ ఇసుక వరండాలోని భోజనాల బల్ల మీదికి ఎక్కింది. ఆయన భార్య సుందరమ్మగారు ఆ బల్ల మీద ఆశ వదులుకుని, అందరికీ కింద పీటలు వేసే వడ్డించేవారు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయనతో యుద్ధానికి హమీద్ భాయ్ వచ్చేవారు. పత్తర్‌గట్టి దగ్గర లక్క గాజుల దుకాణం ఆయనది. ఇద్దరిదీ చిన్ననాటి స్నేహం. ఆటలోని సిపాయిలను హమీద్ భాయే చేసేవారు. గాజులకు పోను మిగిలిన లక్కను వేడి చేసి, వేలెడంత కూడా లేని మనుషులను, గుర్రాలను, ఫిరంగులను తీర్చి, అడుగున ఒక్కో చిన్న మేకు దిగేసేవారు. ఆయన సేనకు మొనదేలిన టోపీలు, సుబేదారు గారి సేనకు చదును టోపీలు. ఎంత దూరం నడవాలో, తూటా తగిలిందో లేదో గవ్వలు వేసి తేల్చేవారు. ఎత్తున ఉన్నవాడి దెబ్బకు బలం ఎక్కువ. అందుకే బల్ల మధ్యలోని కొండే ఆటకు ప్రాణం.

నేను చేరేనాటికే సుబేదారు గారికి చూపు పోతోంది. కంటి వెనక నరం దెబ్బతిన్నది, ఆపరేషనుతో బాగయ్యేది కాదని డాక్టరు చెప్పేశాడు. ఎదురుగా ఉన్నది ఎవరో గొంతును బట్టి పోల్చుకునేవారు. దాని గురించి ఆయన ఎప్పుడూ పెద్దగా మాట్లాడలేదు. ఒక ఆదివారం హమీద్ భాయ్ వెళ్ళిపోయాక మాత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"నక్షా బాబూ, ఇయ్యాల ఎవరు గెలిసిండ్రు?" నేను నక్షాలు గీస్తానని ఆయన పెట్టిన పేరు అది.

"మీరే గద సాబ్."

"నేను గెలువలే. హమీద్ గెలిపిచ్చిండు. నా గుర్రాలు వాగులవడ్డయి. వాడు మెల్లగ తీసి ఒడ్డున పెట్టిండు. లక్క చప్పుడు నాకు ఇనవడదా?" ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "శాన దినాల సంది గిదే కత. ఏడ్సే పోరనికి మిఠాయి ఇచ్చినట్టు గెలుపు ఇస్తుండు. గిట్లయితే ఆట బంద్ చేద్దమని నేనే చెప్త."

ఆట బంద్ అంటే ఏమిటో నాకు తెలుసు. వారమంతా ఆయన ఆ ఆదివారం మీదే నడిచేవారు. గెలవాలన్న కోరిక ఆయనకు అంతగా లేదు. ఎదుటివాడు తనతో నిజంగా ఆడాలి, అంతే. అందుకు ముందు కొండ ఆయనకు తెలియాలి. కళ్ళతో కుదరదు, కనక వేళ్ళతో.

"ఇసుక ముట్టుకుంటే జారుతది," అన్నారు. "నాకు నిలిచేది కావాలె. మెట్లు మెట్లుగ ఉండాలె, మెట్టుకింత ఎత్తని. గోరుకు అంచు ఆగాలె. సిపాయిని గుచ్చితే నిలవడాలె. సుందర బల్ల జరిపితే ఇరగొద్దు."

ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతలతో బతికే నాకు ఆ మాట వెంటనే అందింది. గీతకు ఒక పలక చొప్పున పేర్చుకుంటూ పోతే చాలు. దేనితో పేర్చాలన్నదే ప్రశ్న. జీలుగు బెండు తెచ్చాను. తేలిక, మేకు సులువుగా దిగుతుంది, కానీ వేలు నొక్కితే సొట్ట. అట్ట వానాకాలం గాలికి ఉబ్బింది. ప్లాస్టరులో మేకు దిగలేదు. చివరికి సుందరమ్మగారి దగ్గు మందు సీసా కార్కు బిరడాకు గుండుసూది గుచ్చి చూస్తే, నాకు కావలసిన గుణాలన్నీ అందులోనే ఉన్నాయి. అయితే బిరడాలతో కొండ కట్టలేం. రాణిగంజ్‌లో ఇంజన్ సామాన్ల దుకాణాలన్నీ వరసగా తిరిగి మందమైన కార్కు అడిగాను. అన్నిచోట్లా రొట్టె కన్నా పలచని షీట్లే.

"గింత మందమా? ఏ ఇంజన్‌కు బాబూ?" అన్నాడు ఒక దుకాణదారు.

"ఇంజన్‌కు గాదు, కొండకు."

అతను నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. తరువాత, ఐసు ఫ్యాక్టరీ గోడల్లో చల్లదనం బయటికి పోకుండా కార్కు పలకలు పెడతారని, గుడిమల్కాపూర్ వైపు అలాంటి పాత ఫ్యాక్టరీ ఒకటి కూలుస్తున్నారని చెప్పాడు.

నేను వెళ్ళేసరికి అక్కడి మేస్త్రీ, కూలీలు ఆ కార్కు పలకలనే విరిచి మంట పెట్టి, చాయ్ కాచుకుంటున్నారు.

"అన్నా, అవి పొయ్యిల పెట్టకుండ్రి."

"ఎందుకు? మస్తు మండుతున్నయ్."

"నాకు కావాలె. కొండ కట్టాలె."

మేస్త్రీ పక్కవాడి వైపు తిరిగి, "సదువుకున్నోని లెక్కనే ఉన్నడు, పాపం," అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, "తీస్కపో తీ. ఈ మండేదాన్ని మాత్రం అడగకు, చాయ్ ఇంక మసల్లే," అన్నాడు. ఆ చాయ్ నాకూ పోశాడు.

గోనెసంచి నిండా పలకలతో రిక్షాలో ఇల్లు చేరాను. వాటికి పట్టిన తారును కిరోసిన్‌తో తుడిచి, రంపంతో బిళ్ళలుగా చీల్చి, గీసుకున్న కాంటూర్ల ప్రకారం కోసి, ఒకదాని మీద ఒకటి అంటించాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ మెట్లు మెట్లుగా ఉన్న కొండ నా కంటికి అసహ్యంగా కనిపించింది. కొండ అలా ఉండదు కదా. గరుకు కాగితంతో అంచులన్నీ రుద్ది వాలు చేశాను. ఎత్తు తెలియడానికి రంగులు వేశాను: అడుగున పచ్చ, ఆ పైన పసుపు, శిఖరాన గోధుమ. నా ఉద్యోగంలో నేర్చిన శుభ్రత అంతా ఆ కొండ మీద చూపించాను.

సుబేదారు గారు వచ్చి చెయ్యి పెట్టారు. ఆయన వేళ్ళు అడుగు నుంచి శిఖరం దాకా ఎక్కడా ఆగకుండా జారిపోయాయి. మళ్ళీ ఒకసారి ప్రయత్నించారు.

"మంగలి దగ్గరికి తీస్కపోయినవా దీన్ని?" అన్నారు. "మస్తు నున్నగ గీసిండు."

"రంగులు గూడ వేసిన సాబ్, ఎత్తు తెల్వాలెనని."

"మంచిగ చేసినవ్ బేటా. గని నీ కండ్లకు చేసినవ్."

అంటూనే ఆయన చొక్కా చేతులు మడుచుకుంటున్నారు. కొత్తగా కట్టడానికి కార్కు మిగల్లేదు. అందుకని రుద్దిన అంచు పోయేలా, ప్రతి బిళ్ళనూ ఒక వేలు వెడల్పు లోపలికి తిన్నగా కోశాం. నేను కోస్తుంటే ఆయన గోరుతో అంచు తడిమి "ఆఁ" అనేవారు, లేదా "ఊహూఁ" అనేవారు. వరండా అంతా ఆ వాసనే. పని అయ్యేసరికి కొండ నాలుగు వైపులా చిక్కిపోయింది. "ఉపాసమున్న కొండ," అన్నారు సుందరమ్మగారు చూసి. ఆ వారమంతా సుబేదారు గారు చాయ్ తాగుతూ ఒక చేతిని ఆ కొండ మీదే పెట్టుకుని కూర్చునేవారు.

ఆదివారం హమీద్ భాయ్ వచ్చి బల్ల వైపు చూసి నవ్వారు. "క్యా మియా, కొండకు మెట్లు కట్టినవా? ముసలోళ్ళకు ఎక్కనీకె ఆసాన్ అని?"

ఆట మొదలైంది. అలవాటు ప్రకారం హమీద్ భాయ్ తన ఎడమ వైపు ఖాళీగా వదిలేసి, ఫిరంగులను కొండ వెనక ఊరికే నిలబెట్టారు. సుబేదారు గారి చెయ్యి మెల్లగా మెట్లు ఎక్కింది, శిఖరం దాటింది, అవతల దిగింది, మొనదేలిన టోపీల మీద ఆగింది. వంతు వెంట వంతు ఆయన గుర్రాలు కొండ వెనక నుంచి చుట్టి వచ్చాయి. గవ్వలు పడ్డాయి. ఫిరంగులు పోయాయి.

హమీద్ భాయ్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"అరే, గిదేం లొల్లి? చెయ్యి నా దిక్కు ఎందుకొచ్చింది? కొండ వెనక ఏమున్నదో నీకెట్ల తెల్వాలె? గిది జాసూసీ."

"నీ కండ్లు నా దిక్కు వస్తలేవా?"

"కండ్లు కొండ అవతలికి పోతయా హౌలే? నా దిక్కున్న మెట్ల మీద చెయ్యి పెట్టొద్దు. ఆట షురూ కాకముందు ముట్టుకో, నీ ఇష్టమున్నంత సేపు. షురూ అయినంక ముట్టొద్దు."

"సరే. మరి నువ్వు గూడ లేసి నిలవడి చూడొద్దు."

ఆ వాదన చాయ్ చల్లారేదాకా సాగింది. ఇద్దరూ గొంతులు పెంచారు. హమీద్ భాయ్ ఆ ఇంట్లో గొంతు పెంచి మాట్లాడటం నేను వినడం అదే మొదలు. సుబేదారు గారి ముఖం చూశాను. పోట్లాడుతున్న మనిషి ముఖంలా లేదు.

తరువాతి ఆదివారం హమీద్ భాయ్ వాగు దగ్గర గుర్రాలను కాపాడలేదు, ఎడమ వైపు ఖాళీ వదలలేదు. గవ్వలు పడ్డప్పుడల్లా, "వెల్లకిల మూడు, బోర్ల రెండు, చేత్తో చూస్కో, మల్ల నన్ను అనొద్దు," అంటూ గట్టిగా చెప్పారు. ఎండ వరండాలోంచి దిగిపోకముందే చదును టోపీల సేనలో ఒక్క సిపాయి మిగల్లేదు. సుబేదారు గారు ఖాళీ అయిన మెట్లన్నీ ఒకసారి తడిమి చూసుకుని, వంటింటి వైపు తిరిగి కేకేశారు.

"సుందరా, నేనోడిన. వీని చాయ్‌ల చక్కెర వెయ్యకు."

ఆ తరువాత నాకు ఈ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి ఊరికి ఇంకో చివరికి మారేదాకా, వాళ్ళ ఆదివారాలు అలాగే సాగాయి. గెలుపులు ఇద్దరికీ వచ్చాయి, ఓటములు కూడా.

ఇప్పుడు నా కింద నలుగురు డ్రాఫ్ట్స్‌మన్లు పనిచేస్తున్నారు. వారిలో ఒకతనికి చిన్నప్పుడు పోలియో వచ్చి కాలు నిలవదు. పెద్ద షీట్లు నిలబడి గీయాలి, అతనికి చిన్న చిన్న పనులు ఇద్దామని ఆఫీసులో అందరూ దయగానే చెప్పారు. నేను వడ్రంగిని పిలిపించి, ఒక పెద్ద బల్ల కాళ్ళు కుర్చీ ఎత్తుకు కోయించి, అందరికన్నా కష్టమైన షీటు అతనికిచ్చాను. మొన్న అది పూర్తిచేసి తెచ్చాడు. ఎర్ర పెన్సిలుతో తప్పులన్నీ గుర్తుపెట్టి, ఒక్కటీ వదలకుండా తిరిగి ఇచ్చాను. అతను నాతో చాలాసేపు వాదించాడు, రెండు చోట్ల తనదే ఒప్పని తేల్చాడు, మిగతావి గొణుక్కుంటూ దిద్దడానికి పట్టుకుపోయాడు.