జాగ లేదు బిడ్డా

నస్పూర్ నుంచి మంచిర్యాలకు షేర్ ఆటో ఎక్కితే మా చిన్నమ్మ మూలకు ఒత్తుకొని కూసునేది. నాకు, తనకు నడుమ ఇంకొక మనిషి పట్టేంత జాగ ఇడిచేది. "అమ్మా, జర జరుగు" అని డ్రైవర్ అంటే "జాగ లేదు బిడ్డా" అనేది.

వెనుకట ఆమె దొడ్డు మనిషి. ఆమె చెయ్యెత్తినా ఆటోలు ఆగకపోయేటివి. షుగర్ ముదిరిందని డాక్టర్ బెదిరిస్తే అన్నం బంద్ వెట్టి, జొన్నరొట్టె తిని, కాలనీ గ్రౌండ్‌ల నడిచి నడిచి సగమైంది. షుగర్ దిగింది, మోకాళ్ల నొప్పులు పోయినయి. కానీ తలుపుల కాడ ఇంకా పక్కకు తిరిగే దాటుతుండె.

ఒకనాడు ఆటోల నాకు చిరాకు లేచింది. "ఇంత సన్నగైనవు, ఇంకెవరికి చిన్నమ్మా గీ జాగ?" అన్న.

ఆమె ఖాళీ సీటు మీద అరచెయ్యి పెట్టింది.

"అందరు నన్ను మంచిగైనవు అంటుండ్రు. గా దొడ్డు మనిషి యాడికి పోయిందని ఒక్కలన్న అడిగిండ్రా? నిన్ను సంకనెత్తుకొని తిరిగింది ఆమెనే గద బిడ్డా."

చిన్నప్పుడు నేను తల ఆనిచ్చి పండుకున్న ఆ మెత్తటి ఒళ్లు యాదికొచ్చింది. మూలకున్న చిన్నమ్మ బొక్కలు తేలిన భుజం ఎవరో కొత్త మనిషిది లెక్క కనవడ్డది.

డ్రైవర్ మళ్లా జరుగుమన్నడు. ఈసారి నేనే అన్న, జాగ లేదని.