వెర్నా టైపు కొట్టని వాక్యం

వాషింగ్టన్‌లో, అధ్యక్షుడి భద్రతా సలహాదారు కార్యాలయంలో వెర్నా టిల్మన్ పంతొమ్మిదేళ్లుగా టైపిస్టు. ఏ దేశంతో ఎలా మెలగాలో అధ్యక్షుడు తేల్చుకునే ముందు, ఏ శాఖ ఏమందో, ఏ దారిలో ఏం ముప్పుందో చెప్పే కాగితాలు ఆవిడ వేళ్ల మీదుగానే వెళ్లేవి. "ఇంకా ఎందుకమ్మా ఆ చాకిరీ?" అని కూతురంటే, "నేను కొట్టింది చదివాకే ఆయన నోరు తెరుస్తాడు. నీ ఇంట్లో నా మాటకి అంత విలువుందా?" అనేది.

ఆ మంగళవారం పొద్దున విదేశాంగ శాఖ ఉత్తరం ఒకటి వచ్చింది. సముద్రం అవతలి ఒక చిన్న దేశానికి యుద్ధనౌకలు పంపవద్దని, పంపితే అక్కడ మన మాట వినే నలుగురూ ఎదురు తిరుగుతారని అందులో ఉంది. వెర్నా దానికి మూడు ప్రతులు కొట్టి ఫైలులో పెట్టింది. మధ్యాహ్నం ఆవిడ శాండ్‌విచ్ సగం తిన్నదో లేదో, ఉప సలహాదారు హేల్ చేత్తో రాసిన కాగితం తెచ్చి బల్ల మీద పడేశాడు. నాలుగింటికల్లా అది అధ్యక్షుడి ముందుండాలి. చివరి వాక్యం: "నౌకలు పంపడానికి అన్ని శాఖలూ ఒప్పుకున్నాయి."

"ఇది తప్పు సార్. వద్దన్న ఉత్తరానికి పొద్దున నేనే ప్రతులు కొట్టాను."

"ఎవడో ఒకడు గొణిగితే అది శాఖ మాటైపోతుందా?"

"కింద మంత్రిగారి సంతకం ఉంది. గొణుగుడికి ఎవరూ సంతకం పెట్టరు."

హేల్ మొహం కందగడ్డయింది. "నీ పని టైపు కొట్టడం వెర్నా. దేశాన్ని నడపడం కాదు."

"అబద్ధాలు కొట్టడం కూడా నా పని కాదు." ఆవిడ లేచి కుర్చీ పక్కకి జరిపింది. "మీరే కూర్చోండి. రిబ్బను కాస్త పట్టేస్తుంది, చూసుకోండి."

హేల్‌కి టైపు రాదని అందరికీ తెలుసు. ఆయన పక్క బల్ల వైపు తిరిగాడు. అక్కడి అమ్మాయి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, "నాకు చెయ్యి నెప్పిగా ఉందండీ" అంది.

గొడవ విని సలహాదారు కార్బెట్ బయటికొచ్చాడు. వెర్నా ఉత్తరం ఆయన చేతికిచ్చింది. ఆయన నిలబడే చదివి, "ఇది నాకెందుకు చూపించలేదు?" అని హేల్‌ని అడిగాడు.

"ఒక్క పేజీలో తేల్చమన్నారని..."

కార్బెట్ కలం తీశాడు. ఆ వాక్యం కొట్టేసి, "విదేశాంగ శాఖ ఒప్పుకోలేదు. వారి ఉత్తరం జతపరిచాం" అని రాశాడు. వెర్నా పదకొండు నిమిషాల్లో పని ముగించింది.

అధ్యక్షుడు రెండూ చదివాడు. చదివి, నౌకలు పంపమనే అన్నాడు.

"నీ ఉత్తరం ఏం ఊడబొడిచింది?" అని ఎద్దేవా చేశాడు హేల్.

"ఆయన తెలిసి పంపాడు. మీరైతే ఆయనకి తెలియకుండానే పంపించేవారు."

నెల తిరక్కుండానే ఆవిడని కింది అంతస్తులోని పాత ఫైళ్ల గదికి మార్చారు. సంతకానికి వచ్చిన కాగితంలో "నా కోరిక మీద" అని ఉంది. వెర్నా దాన్ని మిషన్‌లో పెట్టి, ఆ మాట మీద అడ్డంగా గీతలు కొట్టి, పైన "హేల్ గారి కోరిక మీద" అని కొట్టింది. సంతకం చేసి పంపించేసింది.