మా అన్నయ్య తెల్లచొక్కా

మా అన్నయ్యను తిట్టకుండా అతని గురించి చెప్పమంటే నా వల్ల కాదు.

రేకులు నొక్కే కార్ఖానాలో పదకొండేళ్ళు ప్రెస్ మిషను మీద పనిచేశాడు. ఆ మిషనుకు రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే పైనున్న ఇనుప దిమ్మ దిగుతుంది. చేతులు లోపల ఉండకూడదనే ఆ ఏర్పాటు. కానీ అలా చేస్తే గంటకు అడిగినన్ని రేకులు పూర్తికావు. అందుకని ఒక బటన్ నొక్కిపెట్టి టేపు అంటించే ఉపాయం కనిపెట్టింది మా అన్నయ్యే. అదే కార్ఖానాలో పనిచేసే మా ఆయనకు దగ్గరుండి నేర్పిందీ అతనే. "ఆఫీసులో కూర్చునేవాళ్ళకేం తెలుసు బావా మన పాట్లు!" అనేవాడు.

తర్వాత సూపర్‌వైజర్‌ని చేశారు. నీలం చొక్కా పోయి తెల్లచొక్కా వచ్చింది. నెల తిరక్కుండానే క్యాంటీన్లో అన్నం తినే బల్ల కూడా పనివాళ్ళది పోయి ఆఫీసువాళ్ళదైంది. "మీవాళ్ళకు ఎంత చెప్పినా బుద్ధి రాదమ్మా" అని నాతోనే అన్నాడు. ఎవరి వాళ్ళయ్యా? నీ గోళ్ళలో గ్రీజు ఇంకా పోనేలేదు కదా! ఏరు దాటి తెప్ప తగలెయ్యడమంటే ఇదే.

మొన్న మా ఆయన కుడిచేతి వేళ్ళు మూడు ఆ దిమ్మ కింద పోయాయి. కట్టు మీద నెత్తురు ఆరకముందే అన్నయ్య ఆసుపత్రికి కాగితం పట్టుకొచ్చాడు. పనివాడే నిర్లక్ష్యంగా టేపు అంటించాడని అందులో రాసుంది. అది ఖాయమైతే పరిహారం లేదు, ఉద్యోగమూ లేదు. మా ఆయన ఒప్పుకోకపోయినా, చూశానని సూపర్‌వైజర్ సంతకం పెడితే చాలట.

"ఎడమచేతి వేలిముద్రైనా ఫర్వాలేదు" అన్నాడు మహానుభావుడు.

"బావా, ఆ టేపు నాకు నేర్పిందెవరు?" అన్నాడు మా ఆయన నీరసంగా.

"అప్పుడు నేను పనివాణ్ణి బావా. ఇప్పుడు నా పరిస్థితి వేరు. అర్థం చేసుకో."

నా ఒళ్ళు మండిపోయింది. కాగితం లాక్కున్నాను. చింపలేదు, చింపితే ఇంకోటి తెస్తాడు. మర్నాడు దాన్ని పట్టుకుని తిన్నగా మేనేజరు గదికే వెళ్ళాను. ఆయన ఎదురుగా నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మా అన్నయ్య మాత్రం గోడవారగా నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

ఉపాయం ఎవరిదో, ఎవరు నేర్పారో అంతా చెప్పేశాను. మేనేజరు అన్నయ్య వైపు చూసి నవ్వాడు.

"ఈవిడ నీ చెల్లెలా? అనుకున్నా. తెల్లచొక్కా వేస్తే మాత్రం, ఎక్కడి బుద్ధి ఎక్కడికి పోతుంది!"

అన్నయ్య ముఖం పాలిపోయింది. ఇంత మాట పడ్డాక ఇప్పుడైనా నోరు విప్పుతాడని, ఛీ, ఆశపడ్డాను.

"సారీ సార్" అన్నాడు. నా చేతిలోంచి కాగితం తీసుకుని, గోడకు ఆనించి, నిలబడే సంతకం పెట్టాడు.