వరద రోజుల మీద ఒక పెట్టె

కాలేజీ డిబేట్లలో నేను నేర్చుకున్నది ఒకటే: ఎదుటివాడు ప్రశ్నను వదిలి మనిషిని పట్టుకున్నాడంటే, అతని దగ్గర జవాబు లేదని అర్థం. శ్రీకాకుళంలో నా మొదటి ఉద్యోగంలో అది రుజువు కావడానికి ఒక మధ్యాహ్నం చాలింది.

వంశధార నీటిమట్టాల మీద మా ఆఫీసు ఒక చిన్న పుస్తకం వేస్తోంది. నది ఎప్పుడు పొంగుతుందో చూసుకుని రైతులు ఊడ్పులు నిర్ణయించుకోవాలన్నది ఉద్దేశం. గ్రాఫులు నా పని. మేం వాడే సాఫ్ట్‌వేర్ లైబ్రరీకి బొమ్మ ఎలా ఉండాలో కోడులో ఒక్కసారి చెబితే చాలు. దాన్ని గీసేది వెనకనుండే బ్యాకెండ్ అనే భాగం. తెరకు ఒకటి, అచ్చుకు ఇంకొకటి. శ్రీముఖలింగం దగ్గర కొలత పరికరం వరదకు కొట్టుకుపోవడంతో కొన్ని రోజుల లెక్కలు లేవు. తెర మీద గీత అక్కడ తెగిపోయింది. అచ్చు బ్యాకెండ్ మాత్రం ఖాళీకి ఇటూ అటూ ఉన్న చుక్కలను తిన్నగా కలిపేసింది. ఊళ్లు మునిగిన రోజుల్లో నది కునుకు తీసినట్టు కనిపించింది.

మా పై అధికారికి ఆ బొమ్మే నచ్చింది. ఆయనది వీణలకు పేరుపడ్డ బొబ్బిలి, తనకు సంగీతం తెలుసని గట్టి నమ్మకం.

"తేడా ఏటమ్మా? డేటా అదే, కోడూ అదే. ఒకే కీర్తన వీణ మీదా వాయిస్తారు, సన్నాయి మీదా వాయిస్తారు."

"తీగ తెగితే వీణ ఊరుకుంటుంది సార్. పలికినట్టు నటించదు."

"మీ నాన్న మడి ములిగింది గావాల, అందుకే ఈ గోల."

మునిగిన మాట నిజమే. అంతమాత్రాన ఆ గీత నిజమైపోతుందా అని అడిగాను. ఆయన టీ తెప్పించుకున్నారు. వాదించలేని పెద్దమనుషులకు టీ మంచి ఆశ్రయం.

నేను గీతను రెండు ముక్కలు చేసి ఇచ్చాను. ఇక ఏ బ్యాకెండూ కలపలేదు. ఆయనా కలపలేదు. పుస్తకం అచ్చయి వచ్చాక చూస్తే, సరిగ్గా ఆ ఖాళీ మీద ఒక పెట్టె కూర్చుని ఉంది. అందులో 'నీలం గీత: నీటిమట్టం' అని రాసి ఉంది. ఉన్నది ఒకే రంగు గీత. అలాంటి బొమ్మకు వివరణ పెట్టె దండగని నాకు చెప్పింది ఆయనే. ఇంతటి పిరికితనానికి ఇంత చక్కటి అంచులు ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంట్లో నాన్న ఆ పుట మీద వేలు పెట్టారు.

"ఈ డబ్బా కింద ఏటున్నాది?"

"మన మడి ములిగిన రోజులు."

"మీ సారు తెలివైనోడే." పుస్తకం నా ఒళ్లో పెట్టారు. "పక్కోళ్లు అడిగినారు. ఇచ్చే ముందు అక్కడేటుందో రాసియ్యి."

పెట్టె పక్కన రాశాను: 'కొలత లేదు. వరద వచ్చింది.' మర్నాడు ఆఫీసులో పంచడానికి కట్టలు విప్పినప్పుడు, నా చేతికొచ్చిన ప్రతి పుస్తకంలోనూ అదే రాశాను. ఆయన చూస్తూనే ఉన్నారు. టీ మాత్రం తెప్పించుకోలేదు.